పీజీబ్యాక్‌రెస్ట్‌తో నాలుగేళ్లు: వార్నింగ్ చదవని పాపానికి

విజయవాడలో మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13, సైజు 180 జీబీ దాకా ఉంటుంది. బ్యాకప్ నాలుగేళ్లుగా పీజీబ్యాక్‌రెస్ట్ అనే టూల్‌తోనే. ఉచితం, స్థిరంగా పనిచేస్తుంది. ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్, అంటే ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే. మొదటి ఏడాదిన్నర దాని జోలికే పోలేదు. అదే మేం చేసిన తప్పు.

ఎన్ని ఫుల్ బ్యాకప్‌లు ఉంచుకోవాలో చెప్పే రిటెన్షన్ సెట్టింగ్ మేం పెట్టలేదు. పెట్టకపోతే ఇది ఏదీ చెరపదు. ‘రిపాజిటరీలో (బ్యాకప్‌లు దాచే చోట) స్థలం అయిపోవచ్చు’ అని బ్యాకప్ తీసిన ప్రతిసారీ వార్నింగ్ ఇస్తూనే ఉంది. చదివినవాడు లేడు. ఓ రోజు సాయంత్రం బ్యాకప్ డిస్క్ నిండింది, డేటాబేస్‌లో ప్రతి మార్పునూ రాసుకునే వాల్ ఫైళ్లను అక్కడికి కాపీ చేసే ఆర్కైవింగ్ ఆగింది. ఆర్కైవ్ కాని వాల్ ఫైళ్లను పోస్ట్‌గ్రెస్ తనంతట తాను చెరపదు కదా, రాత్రి రేట్ల అప్‌డేట్ తోడై అవి వేలల్లో పేరుకున్నాయి. ఒక్కోటి 16 ఎంబీ. మర్నాడు పదకొండింటికి మెయిన్ డిస్కూ నిండి సర్వర్ పడిపోయింది.

ఫోన్లు మోగుతున్నాయి. టెన్షన్‌లో మా కుర్రాడు ‘పాత లాగ్‌లే కదా సార్’ అంటూ ఆ వాల్ ఫైళ్లుండే పీజీ_వాల్ ఫోల్డర్ ఖాళీ చేశాడు. వాణ్ని అనడానికీ లేదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 10కి ముందు ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. లాగ్ అన్న మాట చూసి జనం చెరిపేస్తున్నారనే పేరు మార్చారు. సర్వర్ లేపితే ‘సరైన చెక్‌పాయింట్ రికార్డు (రికవరీ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పేది) దొరకలేదు’ అంటూ పానిక్ ఎర్రర్.

ఇక్కడ చాలామంది వాల్‌ను కొత్తగా మొదలుపెట్టే పీజీ_రీసెట్‌వాల్ కమాండ్ కొట్టేస్తారు. సర్వర్ లేస్తుంది, కానీ లోపల సగం రాసిన లావాదేవీలుంటాయి, ఇండెక్స్‌కీ టేబుల్‌కీ పొంతన ఉండకపోవచ్చు. నేను ముందు డేటా ఫోల్డర్ మొత్తం వేరే మెషీన్‌కు కాపీ చేయించాను. ఆ తర్వాతే అసలు సర్వర్ మీద డెల్టా రిస్టోర్ పెట్టాను. ఉన్న ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) బ్యాకప్‌తో పోల్చి, మారినవే తెస్తుంది. అరగంట లోపే అయిపోయింది. నాకు ఈ టూల్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

డేటా ఆర్కైవ్ ఆగిన సాయంత్రం వరకే వచ్చింది. ఆ తర్వాతి బిల్లులున్న వాల్ ఫైళ్లు చెరిపినవాటిలోనే పోయాయి. అప్పుడు కాపీ మీద రీసెట్‌వాల్ నడిపి, అందులో కనిపించిన బిల్లులను షాపుల దగ్గరున్న కాగితాలతో సరిచూసి మళ్లీ ఎక్కించాం. రెండు రోజులు పట్టింది.

ఇంకోసారి ఎవరో స్టాక్ టేబుల్ డిలీట్ చేశారు, మధ్యాహ్నం 2:20కి. రిస్టోర్‌కు టార్గెట్ (ఏ క్షణం వరకు తేవాలో) 14:19 అని ఇచ్చాను. సర్వర్ మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ టైమ్‌లో ఉంది, అంటే మన లెక్కలో రాత్రి 7:49. అప్పటికి ఇంకా సాయంత్రం నాలుగే! ఉన్న లాగంతా, ఆ డిలీట్‌తో సహా, మళ్లీ ఆడించి, టార్గెట్ చేరకముందే రికవరీ ముగిసిందంటూ ఆగిపోయింది. టైమ్ పక్కన +05:30 రాశాక పని జరిగింది. రాసినా, డిఫాల్ట్‌గా టార్గెట్ దగ్గర పాజ్ అయి, చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. రాయడానికీ తెరుచుకోవాలంటే ప్రమోట్ అని విడిగా చెప్పాలి. ఇది తెలియక మరో పావుగంట కంగారు.

లోపాలు లేకపోలేదు. ఒక్క టేబుల్ వెనక్కి కావాలన్నా క్లస్టర్‌ను, అంటే సర్వర్ డేటా ఫోల్డర్‌ను, వేరే చోట రిస్టోర్ చేసి, అందులోంచి ఆ టేబుల్‌ను డంప్‌గా (విడి ఫైలుగా) తీసుకోవాల్సిందే. డాక్యుమెంటేషన్‌లో అన్నీ ఉన్నాయి, కానీ కొత్తవాళ్లకు స్టాంజా (ఒక క్లస్టర్ బ్యాకప్ సెట్టింగులకు పెట్టే పేరు) అంటే ఏమిటో అర్థమయ్యేసరికి ఓ పూట పోతుంది. పాడైన పేజీలను బ్యాకప్ సమయంలోనే పట్టిస్తుంది గానీ, దానికి డేటా చెక్‌సమ్స్ ఆన్‌లో ఉండాలి. మా దగ్గర లేవు. ఓ ఆదివారం సర్వర్ ఆపి ఆన్ చేశాం.

రిటెన్షన్ ఇప్పుడు రెండు ఫుల్ బ్యాకప్‌లు. ఆర్కైవ్ ఫెయిలైతే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. నెలకోసారి పాత మెషీన్ మీద మొత్తం రిస్టోర్ చేసి చూస్తాం. పోయిన నెల గంటన్నర పట్టింది. చేసింది ఆ ఫోల్డర్ ఖాళీ చేసిన కుర్రాడే.