బోడకాకర: విత్తనం నాటాలా, దుంప నాటాలా?

తెలంగాణలో బోడకాకర అని, ఆంధ్ర ప్రాంతంలో ఆగాకర అని పిలిచే ఈ తీగను పెరట్లో పెంచదలచినవారు దానిని విత్తనంతో మొదలుపెట్టాలా, దుంపతోనా అన్నది ముందే తేల్చుకోవాలి. బీర, సొర, మామూలు కాకరల్లో ఆడపూలు, మగపూలు ఒకే తీగకు పూస్తాయి కనుక అక్కడ ఈ ప్రశ్నే రాదు. బోడకాకరలో మాత్రం మగ తీగ వేరు, ఆడ తీగ వేరు, కాసేది ఆడ తీగ ఒక్కటే.

విత్తనం చవక, బాగా పండిన కాయ ఒకటి దొరికితే చాలు. అయితే కొత్త గింజ కొన్ని నెలలు నిద్రావస్థలో ఉంటుంది, ఆపైన కూడా గట్టి పెంకు వల్ల ఆలస్యంగా మొలుస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మొలిచినవాటిలో దాదాపు సగం మగవే కావచ్చు. పూత వచ్చి, పువ్వు కింద చిన్న ముళ్ల పిందె ఉందో లేదో చూసేదాకా ఆ సంగతి తెలియదు. ఒక వానకాలమంతా నీరు పోసి పెంచిన తీగ చివరికి మగదని తేలితే కలిగే నిరాశ చిన్నది కాదు.

అందుకే నా మొగ్గు దుంపవైపే. పూత సమయంలో తీగలకు గుర్తులు కట్టి, చలికాలంలో అవి ఎండాక దుంపలు తవ్వి దాచుకుని, తొలకరికి సుమారు 10 ఆడ దుంపలకు 1 మగ దుంప చొప్పున పందిరి కింద నాటుకోవచ్చు. సాయంత్రం పూలు విచ్చుకునే వేళ మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు తాకిస్తే పిందె మరింత బాగా నిలుస్తుంది. నీరు నిలిచే నేలలో మాత్రం దుంప కుళ్లిపోతుంది.