గుంటూరు నల్లరేగడిలో మా పెరటి కోర్టు: ఎండలూ వానలూ చూశాక

మా ఇంటి వెనక 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున ఖాళీ స్థలం ఉండేది. సరిగ్గా 200 గజాలు. అందులో బ్యాడ్మింటన్ కోర్టు వేయించాం. కోర్టు గీతల వరకూ 44 అడుగులు, 20 అడుగులు పోగా, షాట్ కోసం వెనక్కి పరిగెత్తడానికి రెండు చివరలా ఎనిమిదేసి అడుగులు, పక్కలకి ఐదేసి అడుగులు మిగిలాయి. పైన వేసినవి ఇంటర్‌లాకింగ్ టైల్స్, ఒకదానికొకటి బిగుసుకునే అడుగు చదరం ప్లాస్టిక్ పలకలు. పని చాలా బాగా చేశారు. ఈ మాట పలకల్ని చూసి అనడం లేదు, వాటి కింద నేల కోసం వాళ్లు పడిన కష్టం చూసి అంటున్నాను.

గుంటూరు చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్లకి నల్లరేగడి సంగతి చెప్పక్కర్లేదు. వానకి ఉబ్బుతుంది, మే నెల వచ్చేసరికి చెయ్యి దూరేంత బీటలిస్తుంది. మేము మొదట పిలిచినవాళ్లు ఆ మట్టి మీదే రోలర్ తిప్పి, కాంక్రీటు పోసి, పైన యాక్రిలిక్ రంగు వేసేస్తామన్నారు. పదిహేను రోజుల్లో ఆడుకోవచ్చట. కాంక్రీటుకి పూర్తి బలం రావడానికే 28 రోజులు చూస్తారు కదా! కింద చెమ్మ ఆరకుండా రంగు వేస్తే పొక్కులొచ్చి లేచిపోతుంది. వాళ్లని వద్దనుకున్నాం.

తర్వాత విజయవాడ నుంచి వచ్చిన కాంట్రాక్టర్ టేపు తీయకముందే గడ్డపార అడిగారు. పెరట్లో రెండు మూడు చోట్ల తవ్వించి, మట్టిని పిడికిట్లో నలిపి చూసి, "రెండడుగులు తీసెయ్యాలి మేడం. ఇది ఉంచి పని చెయ్యమంటే నా వల్ల కాదండీ" అన్నారు. ఖర్చు పెరుగుతుందని మావారు కాస్త వెనకాడారు. నాకు మాత్రం ఆ మాటతోనే ఆయన మీద గురి కుదిరింది.

ఆ నల్లమట్టంతా ఎత్తేసి ఎర్ర గ్రావెల్ దింపారు. ఒకేసారి నింపెయ్యకుండా ఆరంగుళాల పొర పరవడం, నీళ్లు కొట్టడం, రోలర్ తిప్పడం, మళ్లీ ఇంకో పొర. మా మామయ్యగారు జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. కుర్చీ వేసుకుని కూర్చుని, "బాబూ, ఆ మూల తడి అందలేదు చూడు" అంటే, "అలాగే పెద్దాయనా" అంటూ పైపు అటు తిప్పేవాళ్లు. విసుక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

దాని మీద ఇనుప జాలీ, ఐదంగుళాల కాంక్రీటు. నెట్ స్తంభాలు దిగే గొట్టాలు కాంక్రీటు పోసే ముందే నిలబెట్టారు, తర్వాత నేల పగలగొట్టే పని లేకుండా. నీళ్లు పోయే వాటం పదడుగులకి అంగుళం లెక్కన, 30 అడుగులకి మూడంగుళాలు, అంతా ఒకే పక్కకి. క్యూరింగ్, అంటే కాంక్రీటుని తడిగా ఉంచి గట్టిపరచడం, అయ్యాక నేలంతా తడిపి గంట ఆగారు. పడమటి గోడ దగ్గర చిన్న మడుగు మిగిలింది. కాంట్రాక్టర్ జేబులోంచి రూపాయి బిళ్ల తీసి అందులో వేశారు. నీళ్లు బిళ్ల పైదాకా వచ్చాయి, అంటే అక్కడ పల్లం ఎక్కువే. ఆ మేరకి గరుకు చేయించి, మళ్లీ పూత వేయించి, ఇంకోసారి తడిపి చూపించాకే పలకలకి ఒప్పుకున్నారు.

పలకలు వేయడం ఒక్క పూట పని. రబ్బరు సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోయారు. ఎండకి ప్లాస్టిక్ సాగుతుందని గోడల వెంట సందు వదిలారు. నేలకైన ఖర్చు ఈ పలకల ఖర్చుని దాటింది, అయినా నాకు బాధ లేదు.

ఇక వాడకం. సిమెంటు నేల మీద ఆడినప్పటి మోకాళ్ల నొప్పి మా అమ్మాయికి ఇక్కడ లేదు, పలక కాస్త ఒదుగుతుంది. వాన వెలిశాక నీళ్లు పలకల చిల్లుల్లోంచి కిందికి దిగి వాటం వెంట పోతాయి. పైన తడి ఆరేదాకా మాత్రం పిల్లల్ని దిగనివ్వను, జారుతుంది. మధ్యాహ్నం ఎండలో ఉత్తి కాళ్లతో అడుగు పెట్టలేం. చప్పుడు కూడా ఎక్కువే, అందుకే రాత్రి తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పేస్తాం.

మాకు పెద్ద పని పెట్టేది వేపచెట్టు. ఈనెలు చిల్లుల్లో దిగబడి చీపురికి రావు. మొన్న ఒక మూల స్క్రూడ్రైవర్‌తో నాలుగు పలకలు లేపి చూస్తే, పలకల అడుగున ఉండే బుడిపె కాళ్ల మధ్యంతా సన్నటి దుమ్ము పేరుకుని, చీమలు పెట్టిన మట్టి బారులు. పైపుతో గట్టిగా కొట్టి కడిగి, మళ్లీ నొక్కితే టక్కున కూర్చున్నాయి. కాంక్రీటులో ఒక్క బీట కూడా కనిపించలేదు. నేను వెతికింది దానికోసమే.

గీతల రంగు విషయంలో ఒక మార్కు తగ్గిస్తున్నాను. వెనక గీత కొన్నాళ్లకే పెచ్చులూడింది. ఫోన్ చేస్తే వచ్చి, ప్రైమర్ కొట్టి మళ్లీ వేశారు, డబ్బులు అడగలేదు. కానీ రావడానికి చాలాసార్లు అడిగించుకున్నారు. లైట్లు మాత్రం చెప్పినట్టే పక్కల నుంచి పెట్టారు, తలెత్తి షటిల్ చూసేటప్పుడు కంట్లో పడవు.

బ్యాడ్మింటన్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ కుటుంబం మా గుంటూరుదే. 2018లో అతను ప్రపంచ నంబర్ వన్ అయ్యాడన్న సంబరం మా ఇంట్లో ఇంకా ఉంది. అయితే ఇంటి కోర్టుతో టోర్నమెంటు ఆట వచ్చేస్తుందనుకుని ఎవరూ వేయించకండి. గాలికి ఈక షటిల్ నిలవదు. ఆరుబయట ఆట కోసమే అంతర్జాతీయ సమాఖ్య 2019లో ఎయిర్‌బ్యాడ్మింటన్ అని వేరే షటిల్‌తో తెచ్చింది. మా అమ్మాయి కోచింగ్‌కి చెక్క నేల ఉన్న హాలుకే వెళ్తుంది. ఇక్కడ తెల్లవారుజామున గాలి లేనప్పుడు ఫుట్‌వర్క్ చేసుకుంటుంది. సాయంత్రాలు నైలాన్ షటిల్‌తో వీధి పిల్లలందరూ మా పెరట్లోనే.

వేయించుకునేవాళ్లు మిగిలిన పలకల్ని ఒక పెట్టె అడిగి ఇంట్లో ఉంచుకోండి. తర్వాత కొంటే రంగు కలవదు.