పెన్ను కోసం మామూలు చెక్కకు రంగు: ఏ నకలుకు ఏది మేలు?

చెక్క పెన్నులు చేసేవాళ్ళకు ఎబొనీ అనే నల్లటి గట్టి చెక్క మీద మోజు పోదు. కానీ మంచి ముక్క దొరకదు, దొరికితే ధర ఎక్కువ, తీరా లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పెట్టాక వేడెక్కితే పగులుతుంది. మరోపక్క అంకుడు, టేకు, వేప ముక్కలు మూలన పడి ఉంటాయి. వాటికే రంగు పట్టిస్తే పోలేదా అనిపించడం సహజం. పట్టించవచ్చు. అయితే ఒక తేడా ముందే తెలిసి ఉండాలి: రంగును నకలు చేయగలం, చెక్కలోని గీతలను చేయలేం. ఎబొనీలో కంటికి కనబడే గీతలు దాదాపు ఉండవు కాబట్టి అక్కడ మనం గెలవచ్చు. రోజ్‌వుడ్ అలా కాదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వుడ్ స్టెయిన్‌ను మొదటే పక్కన పెట్టేద్దాం. అందులో రంగు పొడి రేణువులు చెక్క పైనా రంధ్రాల్లోనూ కూర్చుంటాయి, లోపలికి ఇంకవు. తలుపుకైతే చాలు. అరచేతిలో పట్టుకుని దగ్గరగా చూసే పెన్నుకు మాత్రం బురద పూసినట్టు ఉంటుంది.

మిగిలినవి మూడు: ఇనుప నీళ్ళు, స్పిరిట్‌లో కలిపే డై, వాక్యూమ్‌లో ఎక్కించే రంగు రెసిన్ (వేడికి గట్టిపడే ద్రవం).

నలుపుకు నా ఓటు ఇనుప నీళ్ళకే. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి కసిం అనే ఇనుప నీళ్ళు తీస్తారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద దానితో గీస్తే గీసినచోట నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, నీళ్ళలోని ఇనుము కలిసి పుట్టే నలుపు అది. పాతకాలపు ఐరన్ గాల్ సిరాలోదీ ఇదే రసాయనం, అంటే పెన్ను లోపలా బయటా ఒకే నలుపన్నమాట! యూరప్‌లో పియర్ చెక్కను నల్లగా మార్చి ఎబొనీకి బదులు వాడడం కూడా పాత అలవాటే.

ఇంట్లో చేయాలంటే వెనిగర్‌లో ఇనుప మేకులు వేసి కొన్ని రోజులు వదిలేస్తే చాలు. గ్యాస్ పుడుతుంది కాబట్టి సీసా మూత బిగించకండి. గిన్నెలు తోమే స్టీల్ పీచు వేస్తే మాత్రం ఎన్నాళ్ళైనా పని జరగదు, అది తుప్పు పట్టని రకం. ఆ నీళ్ళను బట్టలో వడకట్టి వాడాలి. అంకుడులో సొంత టానిన్ తక్కువ, అందుకని ముందు కరక్కాయ పొడి కషాయం పూసి, ఆరాక ఇనుప నీళ్ళు పూయాలి. చూస్తుండగానే బూడిద రంగు నుంచి నలుపులోకి మారుతుంది.

ఇక్కడ చెక్క ఎంపిక రంగు కంటే ముఖ్యం. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు తెల్లగా, సన్నటి పొరతో ఉంటుంది, నల్లబడ్డాక ఎబొనీ లాగే నునుపుగా కనిపిస్తుంది. టేకును నల్లబరిస్తే రంధ్రాల వరసలు ఇంకా ఎక్కువగా తేలతాయి. అది ఎబొనీలా కాదు, వెంగే అనే ఆఫ్రికా ముదురు చెక్కలా ఉంటుంది. వెంగేనే కావాలంటే సరే! టేకులోని సహజమైన జిడ్డు వల్ల రంగు అక్కడక్కడా ఎగుడుదిగుడుగా పడుతుంది కూడా.

ఈ పద్ధతికి లోపం లోతు. నలుపు పైపైన కొద్దిగానే దిగుతుంది. కాబట్టి పెన్నును పూర్తి కొలతకు తిప్పి, శాండ్ పేపర్ పట్టి, ఒకసారి తడి గుడ్డతో తుడిచి లేచిన నూగును మళ్ళీ రుద్దేశాకే రంగు పెట్టాలి. ఆ తర్వాత శాండ్ పేపర్ గట్టిగా తగిలితే లోపలి తెలుపు బయటపడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను: ఈ నలుపు వెలుతురుకు తొందరగా వెలవదు.

స్పిరిట్ డై సంగతి వేరే. ఎరుపు, ఊదా, ముదురు గోధుమ, ఏది కావాలంటే అది ఉంటుంది. గీతలను కప్పేయదు, నూగు పెద్దగా లేపదు, నిమిషాల్లో ఆరుతుంది. మెటల్ కాంప్లెక్స్ (లోహం కలిసిన) రకం తీసుకుంటే పాత అనిలీన్ రంగుల కంటే ఎండకు బాగా తట్టుకుంటుంది. చిక్కు పాలిష్ దగ్గర వస్తుంది. లక్క పాలిష్ కూడా స్పిరిట్‌లోనే కరుగుతుంది కాబట్టి గుడ్డతో పూస్తే కింది రంగును లాగేస్తుంది. పెన్నుల వాళ్ళు ఎక్కువగా వాడే సూపర్ గ్లూ పూతే ఇక్కడ నయం. పూత ఏదైనా పట్టుగా ఉండాలి, లేకపోతే చెమటకు వేళ్ళకు రంగంటుతుంది. చవక వయొలిన్లలో నల్ల రంగు వేసిన ఫింగర్‌బోర్డులు (తీగలను వేళ్ళతో నొక్కే పట్టీలు) అలాగే వెలిసిపోతాయి.

రెసిన్ పద్ధతిలో బాగా ఎండిన చెక్కను రంగు రెసిన్‌లో ముంచి, వాక్యూమ్ పంపుతో గాలి లాగేసి, తర్వాత వేడి చేసి గట్టిపరుస్తారు. మెత్తని, పుచ్చిన చెక్కకు ఇది ప్రాణం పోస్తుంది, రంగు లోపలి దాకా దిగుతుంది, లేత్ మీద తిప్పినా పోదు. కానీ పంపు, ఓవెన్, రెసిన్ ఖర్చు తక్కువేం కాదు, గట్టి చెక్కలో నడిమి దాకా దిగదు. పైగా వచ్చేది కొత్త రకం అందం. పచ్చ, నీలం కలిపిన పెన్ను బాగుంటుంది, ఎబొనీ అని మాత్రం ఎవరూ అనుకోరు.

రోజ్‌వుడ్ నకలుకు నేను దేన్నీ మెచ్చను. దానిలో నల్ల, ఊదా చారలు చెక్క పెరుగుదలతో వచ్చినవి, బ్రష్‌తో గీస్తే బొమ్మలా ఉంటాయి. పెన్నుకు కావలసింది అరచేతి పొడవు ముక్కే కాబట్టి, బిల్లు ఉన్న జిట్టేగి (మన రోజ్‌వుడ్) తుంపు ఒకటి కొనుక్కోవడం మేలు. విదేశాలకు అమ్మేవాళ్ళు మాత్రం జాగ్రత్త. డాల్‌బర్జియా అనే రోజ్‌వుడ్ చెట్ల జాతి మొత్తం 2017 జనవరి నుంచి సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉంది, జిట్టేగీ అందులోదే. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కైతే 1992 నుంచే ఇంకా కఠినమైన నిషేధం. మన ఎర్రచందనం 1995లో సైటిస్ జాబితాకెక్కింది, శేషాచలం అడవుల పేరు చెబితే చెక్పోస్టుల టెన్షన్ వేరే. ఎర్రచందనం లాంటి పెన్ను కావాలంటే అంకుడుకు ఎర్ర స్పిరిట్ డై పెట్టి, పైన పలుచగా గోధుమ రంగు పూస్తే సరిపోతుంది. అమ్మేటప్పుడు చీటీ మీద "రంగు వేసిన అంకుడు" అని రాసేయండి, కొనేవాడు ఎటూ అడుగుతాడు.