మొదటి రెండు రోజులు ఎక్స్‌లరేటర్ ముట్టనివ్వలేదు: నేను చేరిన డ్రైవింగ్ స్కూలు గురించి

నాకు నలభై మూడేళ్లు. కారూ, గేర్ల బండీ రెండూ ఒకే స్కూల్లో, ఆరు వారాల్లో నేర్చుకున్నాను. బైక్ పరీక్ష మొదటిసారే అయిపోయింది, కారు పరీక్ష రెండోసారికి పాసయ్యాను. స్కూలు పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవి ఎక్కువే ఉన్నా, గట్టిగా తప్పుపట్టాల్సినవి కూడా ఉన్నాయి. చేరబోయేవాళ్లకు పేరుతో పనిలేదు, అక్కడ ఎలా నేర్పుతారో తెలిస్తే చాలు.

ఇన్నేళ్లు ఎందుకు నేర్చుకోలేదో ముందు చెప్పాలి. పంతొమ్మిదేళ్లప్పుడు అన్నయ్య బండి మీద ప్రయత్నించాను. వెనక కూర్చుని "క్లచ్ వదులు, రేస్ ఇవ్వు" అని వాడు అరుస్తుంటే, కంగారులో రెండూ ఒకేసారి చేసేశాను. బండి ఒక్క ఉదుటున దూకింది, ఇద్దరం పడ్డాం. సైలెన్సర్ పిక్కకు అంటుకుని కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు బండి తాళం ముట్టుకోలేదు. ఈమధ్య ఒక రాత్రి అమ్మకు ఊపిరాడలేదు. గుమ్మం ముందు కారుంది, గోడకు తాళం వేలాడుతోంది, నడిపేవాళ్లు మాత్రం ఊళ్లో లేరు. పక్కింటాయన్ని లేపి, ఆయన వచ్చి కారు తీసేదాకా గడిచిన ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను. అమ్మ కోలుకుంది. నేను ఆ వారమే వెళ్లి చేరిపోయాను.

మాస్టారు అరవై దాటిన మనిషి. మొదటి రోజు ఇంజిన్ ఆపేసిన కార్లోనే పావుగంట కూర్చోబెట్టారు. క్లచ్ అడుగుదాకా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ముందుకు జరిపించారు. వీపు సీటుకు ఆనించే చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకు అందాలన్నారు. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయించి, "అమ్మా, కుడికాలు బ్రేకు మీదే ఉంచు. ఈ రెండు రోజులూ ఎక్స్‌లరేటర్‌తో నీకు పనిలేదు" అన్నారు.

నాకు ఆశ్చర్యం వేసింది. ఎక్స్‌లరేటర్ లేకుండా బండి ఎలా కదులుతుంది?

ఆయన రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించారు. ఒకటి ఇంజిన్ వైపు ఎప్పుడూ తిరుగుతూ ఉండే బరువైన ఫ్లైవీల్. రెండోది గేర్‌బాక్సు వైపు ఉండే క్లచ్ ప్లేటు. పెడల్ నొక్కితే రెండూ విడిపోతాయి, వదులుతుంటే కలుస్తాయి. "ఆగి ఉన్నదాన్ని తిరిగేదానికి ఠక్కున అంటిస్తే తిరిగేదే ఆగిపోతుంది. బండి ఆఫ్ అయిందంటే జరిగింది అదే. కొంచెం కొంచెంగా రాసుకోనిస్తే రెండూ కలిసి తిరుగుతాయి" అన్నారు, అరచేతులు రుద్దుతూ. పంతొమ్మిదేళ్లప్పుడు నేను ఎందుకు పడ్డానో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. ఫుల్ రేస్‌లో తిరుగుతున్నదానికి ప్లేటును ఒక్కసారిగా అంటించేశాను. బండి దూకక ఏం చేస్తుంది?

తర్వాత కళ్లు మూసుకోమన్నారు. ఖాళీ గ్రౌండ్, బ్రేకు మీద నా కాలు, ఆయన వైపున్న బ్రేకు మీద ఆయన కాలు. మడమ నేలకు ఆనించి ఎడమ పాదం నెమ్మదిగా వెనక్కి తీస్తున్నాను. పెడల్ సగానికి వచ్చేసరికి ఇంజిన్ గొంతు మారింది. అప్పటిదాకా సన్నగా పలుకుతున్నది బరువెత్తుకున్నట్టు కిందికి దిగింది. స్టీరింగ్‌లోంచి సన్నని వణుకు వేళ్లకు తెలిసింది. "అక్కడే ఆపు. కళ్లు తెరిచి బానెట్ చూడు." ముందు భాగం కొద్దిగా పైకి లేచి ఉంది. "అదే హాఫ్ క్లచ్. ఇప్పుడు బ్రేకు వదులు." కారు మనిషి నడక కంటే నెమ్మదిగా ముందుకు పాకింది. నా ఒళ్లు జలదరించింది. ఇంత పెద్ద బండి నా ఎడమ పాదం మాట వింటోంది!

ఆ రోజు పదకొండు సార్లు బండి ఆఫ్ చేశాను. రెండో రోజు నాలుగు సార్లు. ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదు. "ఇంజిన్ ఏమందో విన్నావా?" అని మాత్రం అడిగేవారు. మూడో రోజు ఎక్స్‌లరేటర్ ఇచ్చేసరికి కాళ్లలో బెరుకు పోయింది. ఈ స్కూలుకు కట్టిన ఫీజంతా నా లెక్కలో ఈ రెండు రోజులకే చెల్లిపోయింది. వేరేచోట నేర్చుకున్న నా స్నేహితురాలికి మొదటిరోజే రద్దీ రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చారు. గేర్లన్నీ పక్కనున్న ఆయనే వేశాడు. లైసెన్సు వచ్చి మూడేళ్లయింది, ఈ రోజుకీ ఆమె ఎక్కుడు రోడ్డు చూస్తే వేరే దారిలో వెళ్తుంది.

థియరీ క్లాసులు నాలుగు. గుర్తులు, ఎవరికి ముందు దారి ఇవ్వాలి లాంటివి పుస్తకంలో చదువుకున్నా వచ్చేస్తాయి. మాస్టారు మొదటి క్లాసులో చెప్పిన కథ మాత్రం పుస్తకంలో లేదు. 1888 ఆగస్టులో, జర్మనీలో, బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకు చెప్పకుండా ఆయన తయారుచేసిన మూడు చక్రాల కార్లో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరింది. మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్లకు పైనే. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ సూదితో శుభ్రం చేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. అప్పటికి డ్రైవింగ్ స్కూళ్లూ లేవు, పరీక్షలూ లేవు. బ్రిటన్‌లోనే డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. ఆ క్లాసులో నలభై దాటిన ఆడవాళ్లం ముగ్గురం ఉన్నాం. మమ్మల్ని చూస్తూనే ఆ కథ చెప్పారని నాకు తెలుసు.

రెండో క్లాసును గ్రౌండ్‌లోనే పెట్టారు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఒక గీత దగ్గర గట్టిగా బ్రేకు వేయించి, గీత నుంచి కారు దాకా అంగలు లెక్కపెట్టమన్నారు. మూడు. తర్వాత 40లో వేయించారు. నేను ఆరు ఉంటాయనుకున్నాను. లెక్కపెడితే పన్నెండు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో టిక్కు కూడా పెట్టేదాన్ని. కానీ ఆ ఏడో అంగ వేసినప్పుడు గుండె ఝల్లుమంది. అదీ మనం ముందే సిద్ధంగా ఉండి వేసిన బ్రేకుకు. గంటకు 60లో వెళ్తుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం, చూసి తేరుకుని బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం అయిపోతుంది. ముందు బండికీ నాకూ ఎప్పుడైనా దూరం తగ్గితే ఆ పన్నెండు అంగలే గుర్తొస్తాయి.

ఇక ఫిర్యాదులు. మూడో వారం మాస్టారు సెలవు పెట్టారు. ఆయన బదులు వచ్చిన అతను మంచివాడే, కానీ తన వైపు బ్రేకు మీంచి కాలు తీసేవాడు కాదు. ఆ కార్లలో రెండు పెడళ్లూ కలిసే కదులుతాయి. నేను నొక్కబోయేలోపే నా పాదం కింద పెడల్ తనంతట తనే దిగిపోయేది. బండి ఆగింది నా వల్లో, అతని వల్లో తెలిసేది కాదు. వారమంతా అలాగే నడిచింది. భద్రత కోసమే చేశాడని ఒప్పుకుంటాను, కానీ ఏ బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో చెప్పలేని మనిషిని రోడ్డు మీదికి పంపడం భద్రత ఎలా అవుతుంది? ఆఫీసులో చెప్తే "అందరికీ అలాగే నేర్పుతామండీ" అన్నారు.

ఇంకొకటి, నన్ను పరీక్షలో ఫెయిల్ చేయించింది, పసుపు టేపు. ఆ స్కూలు కార్లన్నిటికీ వెనక కిటికీ అద్దం మీద ఒక పసుపు టేపు ముక్క అంటించి ఉంటుంది. రివర్స్ పార్కింగ్ నేర్పే పద్ధతి ఏమిటంటే, హద్దుగా పాతిన కర్రల్లో రెండోది టేపు దగ్గరకు రాగానే స్టీరింగ్ ఫుల్‌గా తిప్పాలి, మూడో కర్ర కనబడగానే నిటారు చేయాలి. మాస్టారు లేని ఆ వారంలో నేను దీన్ని ఎక్కంలా బట్టీపట్టాను. పదిసార్లు చేస్తే పదిసార్లూ సరిగ్గా వచ్చింది. పరీక్ష రోజు ఇచ్చిన కారు వేరే మోడల్. వెనక అద్దం ఇరుకు, టేపు లేదు. కర్ర ఎక్కడుంటే తిప్పాలో తోచలేదు, కాళ్లూ చేతులూ ఆడలేదు. టక్కుమని వెనక బంపర్‌కు కర్ర తగిలిన శబ్దం వినబడింది. అధికారి కాగితం మీద ఏదో రాసుకుని "మళ్లీ రండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. అమ్మ ఏమీ అడగలేదు, పక్కన కూర్చుంది.

తర్వాతి వారం మాస్టారికి ఇదంతా చెప్తే, నన్ను కారు దింపి పక్కన నిలబడమన్నారు. ఆయనే రివర్స్‌లో మలుపు తిప్పుతూ "వెనక చక్రాన్నే చూడు" అన్నారు. వెనక చక్రం మూల దగ్గర దాదాపు ఉన్నచోటే మెసులుతుంటే, కారు ముక్కు మాత్రం ఇంత వెడల్పుగా బయటికి ఊడ్చుకుంటూ పోయింది. "వెనక్కి వెళ్లేటప్పుడు బండి వెనక చక్రాల దగ్గర తిరుగుతుంది. ఆ చక్రం మూల దాటిందా లేదా, అదొక్కటే నీకు కావాలి. అది పక్క అద్దంలో ఏ కార్లోనైనా కనబడుతుంది." మూడుసార్లు మూడు రకాల కార్లలో చేయించారు. రెండో పరీక్షలో అధికారి నా వైపు చూడను కూడా చూడకుండా సంతకం పెట్టారు. ఇంత తెలిసిన మనిషి ఉన్న స్కూల్లో ఆ టేపు ఎందుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరీక్ష పాసయ్యేవాళ్ల లెక్క కోసమే నేర్పితే ఇలాగే ఉంటుందేమో.

బైక్ నేర్పింది పాతికేళ్ల అమ్మాయి. నా పిక్క మీద మచ్చ చూసి, ఎలా అయిందో అడిగి, మొదటి రోజు ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే బండిని పక్కన పట్టుకుని గ్రౌండంతా నడిపించింది. బరువు ఎటు వాలితే చేతికి ఎలా తెలుస్తుందో చూడమంది. క్లచ్ కాలి నుంచి చేతికి మారింది, అంతే. చెవికి ఆ శబ్దం అప్పటికే తెలుసు.

కష్టమంతా ఎనిమిది దగ్గర. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా తిరగాలి. నేను ముందు చక్రం ముందున్న గీతను చూస్తూ వెళ్లేదాన్ని, ప్రతి మలుపులో బండి ఆ గీత మీదికే పోయేది. "అక్కా, నేలను చూస్తే నేల మీదికే వెళ్తావ్. గడ్డం భుజం మీదికి తిప్పి, సగం చుట్టు అవతల ఎక్కడికి వెళ్లాలో అక్కడ చూడు" అంది. రేస్ ఒకేలా ఉంచి, క్లచ్ సగంలో పట్టి, వేగాన్ని కుడికాలి వెనక బ్రేకుతో మాత్రమే సర్దుకోవాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే బండి పడిపోతుంది. అదే నిటారుగా వెళ్తూ గట్టిగా ఆగాల్సి వస్తే, బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ముందు బ్రేకే ఎక్కువ పని చేస్తుంది. ఈ రెండు మాటలూ ఆమె రోజూ చెప్పేది, నేను తిరిగి అప్పజెప్పేదాన్ని.

తల తిప్పిన మొదటిసారి బండి దానంతట అదే తిరిగింది. ఇలా అంటే నమ్మరు, కానీ చేతులతో నేనేం చేశానో నాకు తెలియదు. చూపు వెళ్లిన చోటికి బండి వెళ్లింది. పరీక్షలో మూడు ఎనిమిదులు తిరిగాను, కాలు కింద పెట్టలేదు. బయట కంచె దగ్గర ఆ అమ్మాయి రెండు చేతులూ ఎత్తి గెంతింది.

ఈ స్కూల్లో రాత్రి పూట క్లాసు ఒక్కటీ లేదు. వానలో అసలే లేదు, రద్దు చేసేస్తారు. నేను నేర్చుకున్నది రాత్రి అవసరం కోసం. లైసెన్సు వచ్చాక చీకట్లో మొదటిసారి నడిపినప్పుడు అమ్మ నా పక్క సీట్లో ఉంది. ఎదుటి బండి లైట్లు కళ్లలో కొడితే వాటిని చూడకుండా రోడ్డు అంచు గీత మీద చూపు నిలపాలన్న సంగతి ఆ తర్వాత మాస్టారికి ఫోన్ చేస్తే తెలిసింది. ముందే ఒక్క సాయంత్రం చెప్పి ఉండాల్సిన విషయం.

అయినా చేరమనే చెప్తాను, మాస్టారి దగ్గర అయితేనే. చేరేముందు ఆఫీసులో రెండు అడగండి: మీ ఇన్‌స్ట్రక్టరు మధ్యలో మారతారా, చీకటి పడ్డాక కనీసం రెండు క్లాసులు ఇస్తారా. మొదటి రోజే స్టీరింగ్ ఇచ్చి రోడ్డెక్కిస్తామంటే వద్దనండి. కార్లో కూర్చోగానే వెనక అద్దం చూడండి. పోయిన వారం మాస్టారిని చూడ్డానికి వెళ్లినప్పుడు పసుపు టేపులు అలాగే ఉన్నాయి. ఆయన కారుకు మాత్రం లేదు, జిగురు మరక ఒక్కటే మిగిలింది.