జాగ్రత్త: ‘యూనివర్సల్’ ఫ్లాష్ కొనే ముందు మీ కెమెరా హాట్ షూ చూసుకోండి

కానన్ 200డీ మార్క్ 2 గానీ, 1500డీ గానీ, 3000డీ గానీ వాడుతూ బయటి ఫ్లాష్ కొనాలనుకుంటున్న వారు డబ్బు చెల్లించే ముందు ఇది చదవవలసిందిగా మనవి. వీటి హాట్ షూ, అంటే కెమెరా నెత్తిన బయటి ఫ్లాష్‌ను బిగించే గాడి, ఒకే పిన్నున్న చవక ఫ్లాష్‌లను వెలిగించలేదు. నేను 3,200 రూపాయలు వదిలించుకున్న తరువాత గానీ ఈ సంగతి నాకు తెలియలేదు.

మా మేనకోడలి ఓణీల వేడుక దగ్గర పడింది. కెమెరా మీది పాప్-అప్ ఫ్లాష్‌తో తీస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబడి, వెనుక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. అదే బయటి ఫ్లాష్ అయితే దాని తలను తెల్లటి పైకప్పు వైపు తిప్పుకోవచ్చు, వెలుగు అక్కడ పరచుకుని మెత్తగా కిందికి దిగుతుంది. ఆ పద్ధతి నేర్చుకుందామన్న ఆశతో కోఠిలో ఒక దుకాణానికి వెళ్లాను. ‘యూనివర్సల్ అండీ, ఏ కెమెరాకైనా పనిచేస్తుంది’ అంటూ దుకాణదారు బ్యాటరీలు వేసి టెస్ట్ బటన్ నొక్కారు. కొట్టంతా తళుక్కుమంది. అంతకన్నా రుజువు ఏం కావాలనుకుని కొనేశాను. నా కెమెరా మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి ఫ్లాష్‌ను బిగించి షట్టరు నొక్కితే ఫొటో పడింది గానీ ఫ్లాష్ వెలగలేదు. బ్యాటరీలు మార్చాను, బిగింపు చక్రాన్ని విప్పి మళ్లీ బిగించాను, షట్టరు వేగాన్ని సెకనులో 1/200వ వంతు కంటే తగ్గించి చూశాను. టెస్ట్ బటన్‌కు వెలుగుతుంది, షట్టరుకు ఉలకదు, పలకదు. చివరకు ఫ్లాష్‌ను తిరగేసి చూస్తే దాని పాదం కింద సరిగ్గా నడిమధ్య ఒకే ఒక పిన్ను ఉంది. కెమెరా హాట్ షూలో ఆ పిన్ను తగలవలసిన గుండ్రటి లోహపు బిళ్ల అసలు లేనేలేదు.

ఒక కంపెనీ ఫ్లాష్‌ను మరో కంపెనీ కెమెరా మీద దశాబ్దాలుగా వెలిగిస్తున్నది ఆ మధ్య బిళ్లే. 2018లో 1500డీ, 3000డీలలోను, 2019లో 200డీ మార్క్ 2లోను కానన్ దానిని తీసివేసి, తన సొంత ఫ్లాష్‌లతో సంకేతాలు నడిపే చిన్న బిళ్లలను మాత్రమే ఉంచింది. అందువల్ల ఒకే పిన్నున్న మాన్యువల్ ఫ్లాష్‌లు (వెలుగు ఎంతో మనమే చేత్తో పెట్టుకునేవి), చవక రేడియో ట్రిగ్గర్లు (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వైరు లేకుండా వెలిగించే పరికరాలు) వీటి మీద పనిచేయవు. ఇతర కంపెనీల టీటీఎల్ ఫ్లాష్‌లను (వెలుగు ఎంత కావాలో కెమెరాయే లెక్కగట్టే రకం) కూడా మీ మోడల్ పేరు చెప్పి, ఎదుటే పెట్టించి చూడనిదే కొనవద్దు. చవక ఫ్లాష్‌తో మొదలుపెట్టేది కొత్తగా నేర్చుకునేవారే, ఈ బిళ్లను తీసేసిందీ వారు కొనే కెమెరాలలోనే. ఇది నాకు మింగుడుపడని విషయం.

మర్నాడు దుకాణానికి వెళితే, ‘పెట్టె విప్పేశారు కదా, పైగా లోపం మీ కెమెరాది, మా ఫ్లాష్‌ది కాదు’ అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామని బిల్లు తీసి చూసుకుంటే, అది జీఎస్‌టీ నంబరు గానీ, దుకాణం ముద్ర గానీ లేని కచ్చా బిల్లు.

పెట్టె మీద గైడ్ నంబరు (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 58 అని పెద్ద అక్షరాలలో ఉంది. అంటే కెమెరా వెలుగును పట్టే శక్తి (ఐఎస్‌ఓ) 100 దగ్గర, లెన్స్ రంధ్రం ఎఫ్/5.6 పెడితే, 58ని 5.6తో భాగించగా సుమారు 10 మీటర్ల దూరం వరకు వెలుగు అందాలి. అయితే ఆ అంకె ఫ్లాష్ తలను 105 మిల్లీమీటర్ల జూమ్‌లో ఉంచినప్పటిదని పక్కనే చీమ తలకాయంత అక్షరాలలో రాసి ఉంది. జూమ్ తగ్గించి, పైకప్పుకు కొట్టి తీస్తే చేరేది అందులో కొంతే.

కెమెరా మీద వెలగదు కనుక, వేడుకలో ఫ్లాష్‌ను స్టాండు మీద పెట్టి, పాప్-అప్ వెలుగును చూసి దానంతట అదే వెలిగేలా చేశాను. మరో ఫ్లాష్ వెలుగును చూసి వెలిగేందుకు దానిలో ఎస్1, ఎస్2 అని రెండు మోడ్‌లున్నాయి, నేను పెట్టింది ఎస్2. ఎస్1లో పెడితే పాప్-అప్ ముందుగా వేసే చిన్న మెరుపుకే వెలిగిపోయి అసలు ఫొటోకు అందదు. ఎస్2లో నాలుగైదు ఫొటోలు నిజంగానే బాగా వచ్చాయి. ఆ తరువాత మండపానికి కుదిరిన ఫొటోగ్రాఫరు వచ్చారు. ఆయన ఫ్లాష్ వెలిగినప్పుడల్లా నాదీ తోడుగా వెలుగుతూ, ఆయన ఫొటోలు పాడుచేసి, హారతి వేళకు నా బ్యాటరీలను ఖాళీ చేసింది. ‘అన్నా, అది జర ఆపవా’ అని ఆయన రెండుసార్లు అడగవలసి వచ్చింది.

ఆ ఫ్లాష్‌ను తరువాత, మధ్య బిళ్ల ఉన్న కానన్ 700డీ వాడే మిత్రుడికి ఇచ్చేశాను. అతని కెమెరా మీద మొదటి నొక్కుకే వెలిగింది.