ఒకే ద్రాక్ష, రెండు సీసాలు: బెజవాడ భోజనం పక్కన మాల్బెక్

ముందు తీర్పు. మాల్బెక్ అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ మొదటిసారి కొనేవాళ్లు అర్జెంటీనాలోని మెండోసా సీసా తీసుకోండి. వగరు ఇష్టమై, వేటమాంసం వండుకునే ఇల్లయితే ఫ్రాన్స్‌లోని కాఓర్ సీసా. సి-ఏ-హెచ్-ఓ-ఆర్-ఎస్ అని రాసి ఉంటుంది, పలికేది మాత్రం కాఓర్ అనే.

రెండూ ఒకే ద్రాక్ష. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడి చేతుల మీదుగా ఆ కొమ్మలు మెండోసా చేరాయి. పుట్టింట్లో కథ వేరు. 1956 ఫిబ్రవరి మంచుకు కాఓర్ తోటలు చాలావరకు చచ్చిపోయాయి, మళ్లీ నాటుకోవాల్సి వచ్చింది. 1971 నుంచి ఆ ఊరి పేరుతో అమ్మాలంటే సీసాలో కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలి. అయితే ఫ్రాన్సులో ఊరి పేరే లేబుల్ మీద పెద్దగా వేసేవాళ్లు, ద్రాక్షకేమో ‘కో’ అనే పాత పేరు ఉండేది. మాల్బెక్ అన్న మాటను జనం నోట నిలిపింది అర్జెంటీనా. 2011 నుంచి ఏప్రిల్ 17న మాల్బెక్ దినం జరుపుతున్నదీ వాళ్లే. ఆ తర్వాత కాఓర్ రైతులూ అదే పేరును సీసా ముందుకు తెచ్చారు. పోటీ పడాల్సిన రెండు ఊళ్లు ఒక పేరును కలిసి మోయడం మనకు మేలే: ఒక మాట గుర్తుంటే రెండు దేశాల సీసాలూ పోల్చి కొనొచ్చు.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూడండి. మెండోసా అంచు నేరేడు పళ్లు తిన్న నాలుక రంగులో ఉంటుంది. రుచి పండిన పండుదే, ఆల్కహాల్ తరచూ 14 శాతం దాకా. కాఓర్ ఇంకా నల్లగా, చిగుళ్లు పట్టేసేంత వగరుగా ఉంటుంది. కొత్త సీసాను గాజు జగ్గులోకి ఒంపి గంటసేపు గాలి తగలనిస్తే ఆ వగరు మెత్తబడుతుంది. ఆ గంటా జగ్గు ఏసీ గదిలోనే ఉండాలి.

ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట చలి దేశాల గదుల్లో పుట్టింది. మే నెల బెజవాడ గదిలో అలాగే పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప పండు తెలియదు. కావాల్సింది 16 నుంచి 18 డిగ్రీలు. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడదాకా ముంచితే పావుగంట చాలు. ఉత్త ఐసు వద్దు. నీళ్లుంటేనే చలి సీసాకు నాలుగు వైపులా అంటుతుంది.

కూరల దగ్గరే ఎక్కువ మంది దెబ్బతినేది. గుంటూరు కారం వేసిన కోడి వేపుడుతో ఈ రెండూ వద్దు. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, దాని మీద వగరు పడితే నోరు ఎండిపోతుంది. గోంగూర మాంసం మరీ దారుణం: వైన్ కన్నా కూర పులుపు ఎక్కువైతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. మిరియాలూ ధనియాలూ వేసి, కారం తగ్గించి, నెయ్యితో దించిన వేటమాంసం వేపుడు మాత్రం కాఓర్‌కు సరిజోడు. కొవ్వూ మాంసమూ వగరును లాగేసుకుంటాయి. మెండోసా సీసా నిప్పుల మీద కాల్చిన మాంసంతో బాగుంటుంది.

కొనేటప్పుడు మూత చూడకుండా డబ్బివ్వకండి. బిరడా పైకి తన్నుకొచ్చినా, మెడ మీద జిగట చార ఉన్నా ఆ సీసా వేడికి ఉడికిందని అర్థం. లోపల ఉడకబెట్టిన పండ్ల వాసనే మిగులుతుంది. ఏసీ లేని షాపులో, కిటికీ పక్క అరలో ఎండాకాలం గడిపిన సీసా ఎంత తగ్గించి ఇచ్చినా దండగే. తక్కువ ధర మెండోసా అయితే లేబుల్ మీది సంవత్సరం మూడేళ్లు దాటకూడదు.

కాఓర్ ఇక్కడ దొరకడం కష్టం. విదేశం నుంచి వచ్చే బంధువులుంటే చెప్పి తెప్పించుకోండి. కస్టమ్స్ ఒక్కొక్కరికి 2 లీటర్ల మందు దాకా ఒప్పుకుంటుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. తెరిచాక బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది, నాలుగో రోజు కూరలో పొయ్యడానికే.