ఎనిమిది వందల రొయ్య: పెప్పర్‌మింట్ ష్రింప్ గురించి ఐదు నెలల తర్వాత

ఒక్కో రొయ్య ఎనిమిది వందలు. నాలుగు కొన్నాను. లెక్క బయటపడ్డ రోజు మా అమ్మ తల పట్టుకుంది. "మూడు వేల రెండు వందలకు నాలుగు రొయ్యలారా? అవి గూడ వండేటియి కావంటివి." వండేవి కావు. తొట్టిలో కలుపులా పెరిగే ఐప్టేసియా అనే చిన్న సముద్రపు జీవిని తినడానికి తెచ్చినవి. వాటికి అప్పజెప్పిన పని అవి ఎంతవరకు చేశాయో చెప్పడానికే ఈ రివ్యూ.

ముందు తొట్టి సంగతి. హన్మకొండ సుబేదారిలో మాది మెడికల్ షాపు. ఇంట్లో హాల్లో మూడడుగుల ఉప్పునీటి తొట్టి ఉంది, దాదాపు 180 లీటర్లు. సముద్రం మనకు రెండొందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఉప్పు కూడా సంచిలో కొని ఆర్‌ఓ నీళ్లలో కలుపుకోవాల్సిందే, లీటరుకు సుమారు 35 గ్రాములు. గట్టి పగడాలు పెట్టను. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, చేర్చారు, ఆ తలనొప్పి నాకెందుకు? జోవాలు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ (ఈ మూడూ మెత్తటి పగడాల్లాంటివి), రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు. నాకు ఇంతే చాలు.

కిందటి వానాకాలంలో కొన్న ఒక జోవా ముక్క అడుగున, గోరంత సైజులో, గాజు కొబ్బరిచెట్టు లాంటిది ఒకటి కనిపించింది. సన్నటి గోధుమరంగు కాండం, పైన చేతి వేళ్లలా పొడుగాటి వేళ్లు. మా పాప "డాడీ, ఫ్రీగా పువ్వొచ్చింది" అంది. నేనూ మురిసిపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, దానికి రెండుసార్లు మేత కూడా పెట్టాను. ఆ ముక్కను తొట్టిలో దించే ముందు భూతద్దంతో ఒక్కసారి చూసి ఉంటే ఈ రివ్యూ రాసే పనే ఉండేది కాదు.

పక్కనున్న జోవాలు ముడుచుకుపోవడం మొదలైనప్పుడు గానీ అనుమానం రాలేదు. అది పువ్వు కాదు, ఐప్టేసియా. దాని వేళ్లకు కుట్టే గుణం ఉంది. పక్కవాళ్లను కుట్టి జాగా చేసుకుంటుంది. తెలియక బ్లేడుతో గీకేశాను. షాపులో బ్లేడ్లకు కరువా మరి. మూడు వారాలు తిరిగేసరికి అదే రాయి మీద పదకొండు! దీని పాదం చివర తెగిన చిన్న తునక కూడా కొత్త జీవిగా ఎదుగుతుంది. అంటే నేను గీకింది కలుపు తీసినట్టు కాదు, నారు పోసినట్టు. శాస్త్రవేత్తలు పగడాలు వేడికి ఎందుకు తెల్లబడిపోతాయో అర్థం చేసుకోవడానికి ప్రయోగశాలల్లో పెంచేది కూడా ఈ ఐప్టేసియానే. పగడంలాగే దీని ఒంట్లోనూ నాచు కాపురం ఉంటుంది, పైగా పెంచడం పగడమంత కష్టం కాదు. అది నిజమని మా హాల్లోనే రుజువైంది.

తర్వాత సిరంజీల దశ. మరిగే నీళ్లు పోశాను, నిమ్మరసం గుచ్చాను. సూది తగలగానే గుటుక్కున రంధ్రంలోకి పోతుంది. పోయింది చచ్చినట్టు కాదు, దాక్కున్నట్టు. రెండు రోజులకు మళ్లీ గొడుగు విప్పేది. నిజంగా పనిచేసింది సున్నమే. తమలపాకు సున్నం వాడమని మా అత్తమ్మ సలహా ఇచ్చింది గానీ, అందులో ఇంకేం కలుపుతారో తెలియదు కాబట్టి శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి తెప్పించాను. చెంచాడు పొడిలో ఆర్‌ఓ నీటి చుక్కలు వేసి ఇడ్లీపిండి కన్నా కాస్త గట్టిగా కలపాలి. మోటార్లన్నీ ఆపాలి. సిరంజితో దాని నోటి మీద మెల్లగా ముద్ద పెట్టాలి. ఇరవై నిమిషాలు కదిలించకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే ఆట కాదు.

మరి సున్నమే సరిపోతుంటే రొయ్యలెందుకు? సద్దుల బతుకమ్మ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పని వల్ల. ఇంట్లో ఆడవాళ్లందరూ బతుకమ్మలెత్తుకుని పద్మాక్షి గుట్ట దగ్గరికి పోయారు. ఇల్లు ఖాళీ, నన్ను ఆపేవాళ్లు లేరు. టార్చి పట్టుకుని లెక్క పెడితే 63 వచ్చాయి. కోపమొచ్చి ఒక్క కూర్చోవడంలో ఇరవైకి పైగా సున్నం పెట్టేశాను. మోటార్లు వేసిన పావుగంటకు క్లౌన్ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కిట్‌తో చూస్తే పీహెచ్ 8.2 నుంచి 8.9కి ఎక్కింది. అప్పటికప్పుడు నలభై లీటర్ల నీళ్లు మార్చాను. చేపలు బతికాయి, రెండు నత్తలు పోయాయి, జోవాలు నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. ఇంటికొచ్చిన మా ఆవిడ తడిసిన ఫ్లోరు చూసి, "మేము బతుకమ్మను సాగనంపి వచ్చినం, నువ్వు ఎవల్ని సాగనంపినవ్?" అనడిగింది. ఈ సైజు తొట్టికి ఒక పూటకు నాలుగైదుకు మించి పెట్టకండి. పైగా రాళ్ల వెనక ఉన్నవాటికి సిరంజి అందదు. అందుకని రొయ్యలు.

మొదటి బోణీనే బోల్తా. ఒక దుకాణంలో (పేరెందుకులెండి) పెప్పర్‌మింట్ అని చెప్పి రెండు అంటగట్టారు. తెచ్చిన నాలుగో రోజు రాత్రి చూస్తే అవి ఐప్టేసియా పక్కనుంచి దర్జాగా నడిచిపోయి నా జోవాలను గిల్లి తింటున్నాయి. ఫోన్ చేస్తే "అన్నా, రెండూ ఒకటే జాతి" అన్నాడు. ఒకటి కాదు. నాకు వచ్చింది క్యామెల్ ష్రింప్. దానికి పేరుకు తగ్గట్టు వీపు మీద ఒంటె మూపురం ఉంటుంది, కళ్లు పెద్దవి, ఎర్ర గీతల మధ్య తెల్ల గీతలూ చుక్కలూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ముక్కు ముందున్న ముల్లు పైకీ కిందికీ కదులుతుంది. అసలు పెప్పర్‌మింట్ చూడ్డానికి పేలగా ఉంటుంది. ఒళ్లు అద్దంలా అవతలిది కనిపించేలా, దాని మీద పొడుగునా సన్నటి ఎర్ర గీతలు. దుకాణంలో రెండిట్లో ఏది అందంగా కనిపిస్తే దాన్ని కొనకండి, నేను చేసింది అదే. వాటిని భద్రకాళి చెరువులో వదిలేద్దామని మా పాప జాలిపడింది. ఉప్పునీటి ప్రాణి మంచినీళ్లలో పడితే చచ్చిపోతుందని చెప్పి, చివరికి పగడాలు లేకుండా చేపలు మాత్రమే పెంచుకునే ఒకాయనకు ఊరికే ఇచ్చేశాను.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. దసరా అయ్యాక స్వయంగా హైదరాబాద్ వెళ్లి, మూపురం లేదని పక్కనుంచి చూసుకుని నాలుగు తీసుకున్నాను. ఆక్సిజన్ కొట్టిన కవర్లు, థర్మాకోల్ డబ్బా, ఉప్పల్‌లో బస్సు. పక్క సీటు పెద్దాయన జనగామ దాటేదాకా ఆ డబ్బాలో ఇన్సులిన్ ఉందనుకున్నాడట. ఇంటికొచ్చాక సన్నటి ఎయిర్ పైపుకు ముడి వేసి, మా తొట్టి నీళ్లను చుక్కచుక్కగా వాటి గిన్నెలోకి రెండు గంటలు వదిలాను. ఉప్పు శాతం ఒక్కసారిగా మారితే రొయ్య తట్టుకోదు.

తర్వాత పది రోజులు ఒక్కటీ కనిపించలేదు. పదకొండో రోజు పొద్దున అమ్మ పిలిచింది: "ఒరేయ్, నీ ఎనిమిది వందలు పాయె. సచ్చిపోయింది చూడు." నీళ్లలో తెల్లటి రొయ్య ఆకారం తేలుతోంది. గుండె జారింది. తీరా చూస్తే ఖాళీ డొల్ల. పెరిగే కొద్దీ పొట్టు విడుస్తాయి, ఆ పొట్టు అచ్చం రొయ్యలాగే ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లు టెన్షన్ పడకండి. పొట్టు విడిచాక ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకట్రెండు రోజులు అసలు బయటికి రావు.

ఇవి రాత్రి డ్యూటీ మనుషులు. పదింటికి లైట్లు ఆపి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే అప్పుడు కనిపించాయి, నాలుగూ రాతి వెనక తిరుగుతున్నాయి. ఇక్కడే నాకు ఒక కిటుకు తెలిసింది. మొదటి మూడు వారాలు అవి ఐప్టేసియాను ముట్టకపోవడానికి కారణం నేనే. చేపలకు రోజూ రెండు పూటలా దండిగా వేసేవాణ్ణి. ఇంట్లో బిర్యానీ ఉండగా కాకరకాయ ఎవరు తింటారు? మేత ఒక పూటకు తగ్గించి, అదీ రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయడం మొదలుపెట్టాక కథ మారింది. మేత ఎక్కువైతే ఐప్టేసియా కూడా అదే తిని బలుస్తుంది కాబట్టి రెండు విధాలా లాభం.

ఫలితం: బతుకమ్మ నాటి 63లో సున్నం పోను దాదాపు నలభై మిగిలాయి. సంక్రాంతికి 19. ఈ వారం లెక్కకు ఐదు. అయితే అన్నీ రొయ్యల గొప్పే అనుకోకండి. అర అంగుళం లోపు పిల్లలను శుభ్రంగా ఊడ్చేశాయి. రెండంగుళాల ముసలివాటిని మాత్రం దూరం నుంచి చూసి తప్పుకున్నాయి. ఆ పెద్దవాటిని వారానికి మూడు చొప్పున సున్నంతో నేనే ముగించాను. చుట్టూ మొలిచే పిల్లల సంగతి అవి చూసుకున్నాయి. ఈ పొత్తు లేకపోతే ఇద్దరికీ కుదిరేది కాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. పెద్ద దొంగలు. మష్రూమ్ నోట్లో పెట్టిన మేతను చేతులు పెట్టి లాక్కుపోతాయి. మీ తొట్టిలో హాక్‌ఫిష్ లాంటిది ఉంటే ఎనిమిది వందల రొయ్య దానికి ఒక ముద్ద. చేపలకు జబ్బు చేసిందని రాగి మందు పోశారో, రొయ్యలు ముందు పోతాయి. మందులమ్మేవాణ్ణి చెబుతున్నా, సీసా వెనక చదవకుండా తొట్టిలో ఏదీ పోయకండి. ఇంకో మాట: మీ తొట్టిలో ఉన్నది పొట్టిగా, వేళ్ల చివర చిన్న బుడిపెలతో, పచ్చటి ఛాయలో ఉంటే అది ఐప్టేసియా కాదు, మజానో అనే ఇంకో రకం. దాని మీద ఈ రొయ్యల్ని నమ్ముకోకండి, సున్నమే.

మిగతా దారుల గురించి అడుగుతారు కాబట్టి: కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప తింటుంది గానీ మూడడుగుల తొట్టి దానికి చాలదు, చాలాసార్లు మామూలు మేత ముట్టక చిక్కి చస్తుంది. బెర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్గు (గుల్ల లేని నత్త) ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినదు. పని అయిపోయిన రోజు దానికి కూడు లేదు. అది నాకు మనసొప్పలేదు.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. కోసిన ఆ ఒక్కటీ దొంగతనానికి. మార్చి వచ్చేసింది, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆపకుండా తిరుగుతోంది, రొయ్యల్లో ఒకదాని పొట్ట కింద ఆకుపచ్చటి గుడ్లు కనిపిస్తున్నాయి. వీటిలో పెద్దయ్యాక ప్రతిదీ ఆడా మగా రెండూ కాబట్టి జతల గొడవ లేదు. పొదిగిన పిల్లలు మాత్రం రాత్రికి రాత్రే చేపల నోట్లోకో, నీళ్లలో మురికిని నురగగా తీసే స్కిమ్మర్‌లోకో పోతున్నాయి. మిగిలిన ఐదు ఐప్టేసియాల్లో మూడు స్కిమ్మర్ డబ్బా లోపల ఉన్నాయి, రొయ్య అక్కడికి పోలేదు. ఆదివారం షాపు బంద్ పెట్టాక ఆ డబ్బా విప్పి, వేడినీళ్లు పోసి కడగాలి.